రెండు డ్రెడ్‌నాట్‌ల నడుమ

సభకు నమస్కారం.

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరోకు అవతలి ఒడ్డున రోసైత్ అనే రేవు ఉంది. అక్కడ ఒక నల్లటి జలాంతర్గామి కట్టేసి ఉంటుంది. పేరు డ్రెడ్‌నాట్. ‘దేనికీ జంకనిది’ అని ఆ పేరుకు అర్థం. 1960 అక్టోబరులో ఎలిజబెత్ రాణి దాన్ని బారో పట్టణంలో నీళ్ళలోకి వదిలారు. అణుశక్తితో నడిచిన తొలి బ్రిటన్ జలాంతర్గామి అదే. 1963లో కొలువులో చేరింది, 1971లో ఉత్తర ధ్రువం దగ్గర మంచును చీల్చుకుని పైకి తేలింది, 1980లో రిటైరయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఈ రేవులోనే ఉంది. ఇంధనం తీసేశారు గాని, రియాక్టర్ చుట్టూ ఉన్న ఉక్కు రేడియోధార్మికతను ఇంకా పూర్తిగా వదులుకోలేదు. కొలువు చేసింది పదిహేడేళ్ళు. విశ్రాంతి నలభై అయిదేళ్ళు దాటింది!

ఇప్పుడు అదే బారోలో, అదే పేరుతో మరొకటి తయారవుతోంది. 153 మీటర్ల పొడవు, 17,200 టన్నుల బరువు, పన్నెండు క్షిపణి గొట్టాలు. దాని వెనుక వాలియంట్, వార్‌స్పైట్, కింగ్ జార్జ్ సిక్స్ అని మరో మూడు రావాలి. నాలుగింటికీ కలిపి 3,100 కోట్ల పౌండ్లని లెక్క కట్టారు. లెక్క తప్పితే ఆదుకోవడానికి మరో 1,000 కోట్లు పక్కన పెట్టారు. ఈ రెండు డ్రెడ్‌నాట్‌ల మధ్య ఏం జరుగుతోందన్నదే ఈ రోజు నా ప్రసంగం. అణ్వాయుధాలు మంచివా చెడ్డవా అన్న చర్చకు నేను దిగడం లేదు. పాతవాటి స్థానంలో కొత్తవి తేవడమనే ఈ పని ఎంత ప్రమాదకరమో, ఆ ప్రమాదం ఎక్కడ దాగి ఉందో అంతవరకే చెబుతాను.

బ్రిటన్ దగ్గర అణ్వస్త్రాలు ప్రయోగించే మార్గం ఒక్కటే, అది సముద్రం. వాన్‌గార్డ్, విక్టోరియస్, విజిలెంట్, వెంజెన్స్ అనే నాలుగు జలాంతర్గాములు గ్లాస్గోకు నలభై కిలోమీటర్ల దూరంలోని ఫాస్‌లేన్ స్థావరం నుంచి బయలుదేరతాయి. 1969 నుంచి బ్రిటన్ నౌకాదళం వాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. ఏ క్షణంలోనైనా కనీసం ఒక జలాంతర్గామి సముద్రగర్భంలో గస్తీలో ఉండాలి. ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు. నాలుగు ఎందుకంటే, ఒకటి గస్తీలో, ఒకటి బయలుదేరే సన్నాహంలో, ఒకటి తిరిగొచ్చి చిన్నాచితకా బాగుచేతల్లో, ఒకటి పెద్ద మరమ్మతులో ఉంటుంది.

నలుగురు వంతులు వేసుకుని రాత్రి కాపలా కాసే ఇంట్లో ఒకరు మంచాన పడితే ఏమవుతుంది? మిగిలిన ముగ్గురికి నిద్ర కరువవుతుంది. సరిగ్గా అదే జరిగింది.

మంచాన పడింది వాన్‌గార్డ్. ఆ కథ సముద్రంలో కాదు, స్కాట్లాండ్ ఉత్తర కొసన డౌన్‌రేలో మొదలైంది. అక్కడ నేల మీద ఒక నమూనా రియాక్టర్ ఉండేది. జలాంతర్గాముల్లో రాబోయే ఇబ్బందులు ముందే దానిలో బయటపడాలని దాన్ని నిరంతరం నడిపేవారు. 2012 జనవరిలో దాని శీతలీకరణ నీటిలో కొద్దిపాటి రేడియోధార్మికత కనిపించింది. ఇంధనపు పైతొడుగులో కంటికి ఆనని పగులేదో పడిందన్నమాట. పార్లమెంటుకు ఆ సంగతి చెప్పింది 2014 మార్చిలో. ఆ రోజే మరో నిర్ణయం కూడా ప్రకటించారు. ఇక జీవితకాలమంతా ఇంధనం మార్చనక్కర్లేదనుకున్న వాన్‌గార్డ్‌కు మళ్ళీ మారుస్తామన్నారు. 2015 చివరలో అది ప్లిమత్ దగ్గరి డెవన్‌పోర్ట్ డాక్‌లోకి వెళ్ళింది. బయటికి వచ్చింది 2023లో. ఏడేళ్ళు!

ఆ ఏడేళ్ళ చివరి రోజుల ముచ్చట ఒకటి చెప్పాలి. రియాక్టర్ గదిలో శీతలీకరణ గొట్టాలకు చుట్టిన ఉష్ణరక్షక కవచాన్ని బోల్టులతో బిగిస్తారు. ఎవరో అతిగా బిగించడంతో కొన్ని బోల్టుల తలలు ఊడిపోయాయి. వాటిని తీసి కొత్తవి వేయాలి. అలా చేయకుండా ఊడిన తలలను జిగురుతో అతికించేశారు. తనిఖీలో ఒక తల రాలి పడితే గాని విషయం బయటపడలేదు. 2023లో పత్రికలు దీన్ని రాసినప్పుడు చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ కవచం ఊడితే రియాక్టర్ పేలిపోదు, ఆ మాట నిజమే. అయితే ‘ఎవరు చూడొచ్చారు, ముందు పని పూర్తయిందనిపిద్దాం’ అనే తొందర ఒక పనివాడి చేతిలోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. ఆలస్యం కిందికి దిగుతూ దిగుతూ చివరికి ఒక బోల్టు తల మీద వాలుతుంది.

ఈలోగా మిగిలిన మూడు ఏం చేశాయి? గస్తీలు సాగదీశాయి. ఒకప్పుడు రెండు మూడు నెలల్లో ముగిసే గస్తీ అయిదారు నెలలకు పెరిగింది. 200 రోజులు దాటిన గస్తీలూ ఉన్నాయి. తిరిగి వస్తున్న జలాంతర్గామిని ఫాస్‌లేన్ దగ్గరి క్లైడ్ తీరంలో నిలబడి జనం ఫోటోలు తీశారు. ఒళ్ళంతా పాచి, అంటుకున్న నత్తగుల్లలు, అక్కడక్కడా ఊడిపోయిన పలకలు. లోపల నూట ముప్పై మందికి పైగా మనుషులు. ఇంటి నుంచి వారానికోసారి కొన్ని పదుల మాటల సందేశం వస్తుంది. తిరిగి జవాబు పంపే వీలు లేదు, పంపితే ఉనికి తెలిసిపోతుంది. గస్తీలో ఉండగా ఇంట్లో ఎవరైనా చనిపోతే తనకు చెప్పాలో వద్దో నావికుడు బయలుదేరే ముందే కాగితం మీద రాసివ్వాలి. ఆరు నెలల తర్వాత, నిద్ర చాలని కళ్ళతో ఒక మీటరు చూసేవాడూ ఆ నావికుడే. యంత్రం అలసటను కొలవడానికి సాధనాలున్నాయి. అతని అలసటను దేనితో కొలుస్తారు?

పాతవి ఇంత నలిగిపోవడానికి కారణం కొత్తవి సమయానికి రాకపోవడమే. 2006 శ్వేతపత్రంలో తొలి కొత్త జలాంతర్గామి 2024 నాటికి కావాలన్నారు. 2010 సమీక్షలో అది 2028 అయింది. 2015 సమీక్షలో 2030ల ఆరంభమైంది. ఇరవై అయిదేళ్ళ కొలువుకని కట్టిన వాన్‌గార్డ్ తరగతిని, అంటే ఆ నాలుగింటినీ, ముప్పై అయిదేళ్ళు దాటినా వాడక తప్పని పరిస్థితి.

ఇక్కడ అవతలి పక్షానికీ న్యాయం చేయాలి. భద్రత పేరుతో కొత్త జలాంతర్గాములు వద్దనేవారు ఒక సంగతి దాటవేస్తారు. పాత రియాక్టర్ నమూనా గురించి రక్షణ అణుభద్రతా నియంత్రణాధికారి 2009లోనే ఒక నివేదిక రాశారు. శీతలీకరణ నీరు పోయే ప్రమాదం విషయంలో, లోతు అదుపు తప్పితే పైకి తేలగలగడం విషయంలో ఆ నమూనా మంచి ప్రమాణాలకు వెనుకబడి ఉందని అందులో ఉంది. సమాచార హక్కు కింద విడుదల చేస్తూ ఆ భాగాల మీద నల్లరంగు పూశారు. అయితే కంప్యూటర్‌లో ఆ నలుపు కింది అక్షరాలు ఎవరైనా చదివేయగలిగేలా పూశారు! ఆ లోపాల వల్లే కొత్తవాటికి వేరే రియాక్టర్ నమూనా ఎంచుకున్నారు. అంటే, రావలసినవి నిజంగానే మెరుగైనవి. మెరుగైనది ఆలస్యం కావడం వల్ల, మెరుగుపరచాలనుకున్నదాన్నే మరింత కాలం, మరింత ఒత్తిడితో నడపవలసి వస్తోంది. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

ఇక క్షిపణుల సంగతి. పొరపాటున అణుబాంబు పేలి నగరం బూడిదవుతుందేమోనన్నది చాలామంది భయం. అది జరిగే అవకాశం చాలా తక్కువ. నిపుణులను కలవరపెట్టేది వేరు. వార్‌హెడ్‌లో, అంటే క్షిపణి మోసే అణుబాంబులో, ప్లుటోనియం చుట్టూ మామూలు పేలుడు పదార్థం ఉంటుంది. మంటల్లో అది పేలితే అణు విస్ఫోటం జరగకపోయినా ప్లుటోనియం ధూళిగా గాలిలో కలుస్తుంది. ట్రైడెంట్ క్షిపణిలో వార్‌హెడ్లు మూడో దశ మోటారు చుట్టూ వలయంగా అమరి ఉంటాయి. దూరం ఎక్కువ పోవాలని ఎంచుకున్న దాని ఇంధనం ప్రమాదంలో కాలడమే కాక పేలిపోగల రకం. భౌతిక శాస్త్రవేత్త సిడ్నీ డ్రెల్ నాయకత్వంలో అమెరికా వేసిన సంఘం 1990లోనే ఈ అమరికను వేలెత్తి చూపింది. బ్రిటన్ వాడేది అదే క్షిపణి. కొత్త డ్రెడ్‌నాట్‌లు మోసుకెళ్ళబోయేదీ దాన్నే. ఫాస్‌లేన్ దగ్గరి కౌల్‌పోర్ట్ రేవులో ఆ వార్‌హెడ్లను ఎక్కించి దించేది గ్లాస్గోకు ఎంతో దూరంలో కాదు. అవి దక్షిణాన బర్క్‌షైర్ నుంచి వచ్చేది మామూలు రోడ్ల మీద, లారీల వరుసలో. 1987 జనవరిలో విల్ట్‌షైర్‌లో అలాంటి వాహనమొకటి మంచుకు జారి రోడ్డు దిగి పడిపోయింది.

సముద్రంలో ప్రమాదమంటే ఎలా ఉంటుందో చెప్పడానికి సోవియట్ జలాంతర్గామి కె-219 చాలు. 1986 అక్టోబరు 3న అట్లాంటిక్‌లో, బెర్ముడాకు దూరంగా, క్షిపణి గొట్టంలోకి సముద్రపు నీరు చేరి ద్రవ ఇంధనం పేలింది. రియాక్టర్‌ను ఆపడానికి యంత్రాంగం పలకలేదు. నియంత్రణ కడ్డీలను చేత్తో తిప్పి దించాలి. సెర్గీ ప్రెమినిన్ అనే ఇరవై ఏళ్ళ నావికుడు ఆ వేడిలోకి వెళ్ళి చివరి కడ్డీ దించాడు. వెనక్కి వస్తే తలుపు తెరుచుకోలేదు. రెండు గదుల మధ్య పీడనం తేడా దాన్ని బిగించేసింది. అవతలి నుంచి తోటివాళ్ళు ఎంత లాగినా రాలేదు. అతను అక్కడే చనిపోయాడు. ట్రైడెంట్‌ది ఘన ఇంధనం, కాబట్టి అచ్చంగా అదే ప్రమాదం జరగదు. కానీ ఆ తలుపు మాత్రం ఏ దేశపు జలాంతర్గామిలోనైనా ఉంటుంది.

2009 ఫిబ్రవరిలో అట్లాంటిక్ అడుగున వాన్‌గార్డ్, ఫ్రాన్స్ జలాంతర్గామి ‘ల్ ట్రియోంఫాం’ ఢీకొన్నాయి. రెండింటిలోనూ అణు రియాక్టర్లు, రెండూ అణ్వస్త్రాల కోసమే కట్టినవి. ఎవరికీ వినబడకుండా ఉండడమే వాటి విద్య. ఆ విద్యలో రెండూ మేటివే కాబట్టి ఒకదానికొకటి వినబడలేదు. మునిగి ఉన్న కంటైనర్ ఏదో తగిలి ఉంటుందని ఫ్రాన్స్ మొదట ప్రకటించింది.

రహస్యం గురించి ఒక్కమాట. 2016 జూలై 18న బ్రిటన్ పార్లమెంటు కొత్త జలాంతర్గాములను 472–117 ఓట్లతో ఆమోదించింది. స్కాట్లాండ్ సభ్యులు యాభై తొమ్మిది మందిలో యాభై ఎనిమిది మంది వ్యతిరేకించారు. ఆయుధాలుండేది వాళ్ళ తీరంలో! ఆ ఓటింగుకు కొన్ని వారాల ముందే, జూన్‌లో, ఫ్లోరిడా తీరం దగ్గర వెంజెన్స్ నుంచి వదిలిన పరీక్షా క్షిపణి దారి తప్పింది. ఓటు వేసిన సభ్యులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. 2017 జనవరిలో ఒక పత్రిక దాన్ని బయటపెట్టింది. టీవీలో ప్రధాని థెరిసా మేను నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ సూటిగా జవాబివ్వలేదు. 2024 జనవరిలో, రక్షణ మంత్రి ఎక్కి ఉండగా వాన్‌గార్డ్ నుంచి వదిలిన క్షిపణి కూడా దగ్గర్లోనే సముద్రంలో పడిపోయింది. శత్రువుకు తెలియకూడనివి ఉంటాయని ఒప్పుకుంటాను. కానీ ఓటు వేసేవాడికి తెలియకుండా దాచింది శత్రువు నుంచి దాచినట్టు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మళ్ళీ రోసైత్‌కు వద్దాం. అక్కడ మొత్తం ఏడు ఉన్నాయి. వాటిలో నాలుగు, వాన్‌గార్డ్ తరగతికి ముందు పొలారిస్ క్షిపణులు మోసిన రెజల్యూషన్ తరగతివి. అంటే గతసారి ‘మార్చిన’ దళం ఇంకా అక్కడే ఉంది. 1980 తర్వాత రిటైరైన ఇరవై జలాంతర్గాముల్లో ఒక్కదాన్నీ పూర్తిగా వదిలించుకోలేదని, తొమ్మిదింటిలో ఇంధనం అలాగే ఉందని బ్రిటన్ ఆడిట్ కార్యాలయం 2019లో తేల్చింది. డెవన్‌పోర్ట్‌లో ఇంధనం తీసే పని 2004లోనే ఆగిపోయింది, అక్కడి వసతులు ప్రమాణాలకు తూగలేదని. 2030లలో వాన్‌గార్డ్‌లు నాలుగూ ఈ వరుసలోనే చేరతాయి.

ఏడింటిలో స్విఫ్ట్‌షూర్ అనేదాన్ని ఇప్పుడు విడదీస్తున్నారు. అది పూర్తయితే ఆ రేవులో ఇంకా ఆరు ఉంటాయి, మొదటి డ్రెడ్‌నాట్‌తో సహా. ఇక మీ ప్రశ్నలు అడగండి.