డ్రమ్ములో బిగిసిన మాలు
(భవన నిర్మాణ కార్మికుల శిక్షణ తరగతిలో ఒక మిల్లరు, అంటే కాంక్రీటు కలిపే యంత్రం, యజమాని ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ పెచ్చును చేతుల మీదుగా వెనక వరుస దాకా పంపండి. కాలి మీద పడేసుకోకండి. ఒక వైపు గరుకు, రెండో వైపు కుండ పెంకులా నున్నగా, వంపుగా ఉంది చూశారా? నా మిల్లరు డ్రమ్ములోంచి ఊడదీసిన ముక్క ఇది. ముగ్గురం కూర్చుంటే ఒకటిన్నర రోజు పట్టింది.

అది స్లాబు రోజు. మీకు తెలియంది కాదు, ఆఖరి తట్ట పైకెక్కేసరికి ఇంటాయన మటన్ భోజనానికి పిలుస్తుంటాడు. "పొద్దున కడుగుదాంలే అన్నా" అన్నాడు మా కుర్రాడు. నేనూ సరే అన్నాను. తప్పు వాడిది కాదు, ఆ మసాలా వాసనది. పొద్దున వచ్చి చూస్తే డ్రమ్ములో మిగిలిన మాలు, అదే కలిపిన కాంక్రీటు, బిగిసిపోయి రెక్కలు సగం కనపడలేదు.

మనం "మాలు ఎండిపోయింది" అంటాం. ఆ మాటే మన కొంప ముంచుతోంది. బట్టలు ఎండుతాయి, వడియాలు ఎండుతాయి. సిమెంటు ఎండదు, నీళ్లు తాగి రాయవుతుంది. నీళ్లలో ముంచి పెట్టినా గట్టిపడుతుంది. నేనా రోజు తెలివనుకుని ఏం చేశానో తెలుసా? నానుతుందని డ్రమ్ము నిండా నీళ్లు పోసి ఇంటికెళ్లాను. అంటే గట్టిపడడానికి నీళ్లు పెట్టి, క్యూరింగ్ చేసి మరీ వచ్చానన్నమాట!

"కొంచెమేగా, ఉండనీ" అనేవాళ్లకు ఒక లెక్క. కాంక్రీటు ఘనపు మీటరు దాదాపు 2400 కిలోలు. అంటే 20 లీటర్ల బకెట్టెడు పేరుకుంటే 48 కిలోలు, ఇంచుమించు సిమెంటు బస్తా. 10/7 మిల్లరు అంటే 10 ఘనపుటడుగుల పొడి సరుకు వేస్తే కలిసిన మాలు 7 ఘనపుటడుగులు, సుమారు 200 లీటర్లు. అందులో పదో వంతు ఆ పేరుడుకే పోయింది. ఆ బస్తాను రోజంతా ఊరికే తిప్పుతూ డీజిలు కాలుస్తాం. రెక్కలు పూడిపోతే మాలు సరిగా తిరగదు. తిరగట్లేదని పిల్లలు ఇంకో మగ్గు నీళ్లు పోస్తారు. చివరికి దెబ్బ తగిలేది స్లాబుకి.

పచ్చిగా ఉండగా కడగడం పది నిమిషాల పని. అరడ్రమ్ము లోపు కంకర, రెండు బకెట్ల నీళ్లు పోసి తిప్పండి. కంకరే గీకేస్తుంది. ఆ నీళ్లు మాత్రం కాలవలో వదలకండి, చేతులూ పెట్టకండి. ఆ సున్నపు ఘాటుకే మన వేళ్లు పగిలేది.

మాలు నిండా ఉండగా ఇంజను ఆగిపోతే? అప్పుడు పంచదార. బస్తా సిమెంటుకు 25 గ్రాములు పడితే చాలు, బిగుసుకోవడం దాదాపు 4 గంటలు వెనక్కి పోతుంది. పావు కేజీ కరిగించి పోసి గునపంతో కలియబెడితే ఇక సరిగా బిగుసుకోదు. ఆ మాలు పారబోయాల్సిందే గానీ డ్రమ్ము దక్కుతుంది. మన తాతలు గట్టిదనం కోసం సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపేవారు. సిమెంటుకు ఆ తీపే విరుగుడు. ఒకసారి రాయయ్యాక మాత్రం పంచదార దండగ.

ఇక గట్టిపడ్డాక చాలామందికి తోచేది యాసిడ్. అది సిమెంటును తింటుంది నిజమే, కానీ మన గ్రానైటు కంకరను ముట్టుకోదు, డ్రమ్ము ఇనుమును మాత్రం తింటుంది. ఆ యాసిడ్ వదిలే క్లోరైడు అనే ఉప్పు తర్వాతి మాలులో కలిస్తే స్లాబు లోపలి ఊచలు తుప్పు పడతాయి. పల్చటి పొరకు వాడక తప్పకపోతే నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఆ పొగ పీల్చకూడదు. నన్నడిగితే అసలు వద్దు.

రెండోది సమ్మెటతో బయట్నుంచి బాదడం. నేనూ బాదాను. రేకు సొట్ట పడింది, పెచ్చు కదల్లేదు. ఆ సొట్టలో ఇప్పటికీ ప్రతి స్లాబుకీ మాలు ఇరుక్కుంటోంది.

ఊడదీయాల్సింది లోపల్నుంచే. డ్రమ్ము మూతి కిందికి వంచి కదలకుండా బిగించండి, చక్రాలకు రాళ్లు పెట్టండి. పొర అంచు, రేకు కలిసే చోట వెతికితే సన్నటి సందు దొరుకుతుంది. వెడల్పాటి ఉలి అక్కడ ఏటవాలుగా పెట్టి చిన్న దెబ్బలు వేయండి. "టంగ్" అన్న మోత "డబ్" అని మారిందంటే లోపల వదులైనట్టు. ఉలిని ఆ గీత వెంబడే జరపండి. నడిమధ్య పొడిస్తే పిండి రాలుతుంది తప్ప పెచ్చు రాదు. రెక్కల మూలలు చివరికి వదిలేయండి.

ఆ పిండి సంగతి కూడా చెప్పాలి. అందులో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. మొహానికి తువ్వాలు కట్టుకుంటే మనకో ధైర్యం తప్ప, ఆ సన్నటి దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు పెట్టుకుని, కొట్టే చోట నీళ్లు చల్లుతూ ఉండాలి. కళ్లద్దాలు సరేసరి. రెడీమిక్స్ లారీ డ్రమ్ములోకి దిగమంటే మాత్రం దిగకండి. గాలాడదు, బయటివాడు ఇంజను వేశాడంటే అంతే. దానికి వేరే శిక్షణ, వేరే ఏర్పాట్లు ఉండాలి.

మన మిల్లరుకైనా తల లోపల పెట్టేముందు ఇంజను ఆపి, స్టార్టింగు హ్యాండిలు తీసి మీ దగ్గరే పెట్టుకోండి. మోటారైతే వైరు పీకేయండి.

బయట చెట్టు కింద మిల్లరు మూతి వంచి ఉంచాను, పక్కనే బకెట్టు నీళ్లున్నాయి. హ్యాండిలు ఇదిగో, నా సంచిలో ఉంది. ముందెవరు వస్తారు?