రాస్తున్నారా, ఎక్కిస్తున్నారా?

యాంకర్: నమస్కారం. ఈ రోజు చర్చ బళ్లో రాత గురించి. ప్రాథమిక అక్షరాస్యత మీద పరిశోధన చేస్తున్న మేడమ్, ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పే మాస్టారు, ఇద్దరు పిల్లల తల్లి ఒకరు మనతో ఉన్నారు. మేడమ్, పిల్లలకు చదవడం రావట్లేదని ఏటా గోల అవుతుంది. రాయడం సంగతి ఎవరూ ఎత్తరేం?

పరిశోధకురాలు: కొలవరు కాబట్టి ఎత్తరు. పల్లెల్లో పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వే తీసుకోండి. పిల్లల చేత అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ చదివిస్తారు. దేశంలో గ్రామీణ ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరిగింది, సంతోషమే. కానీ ఆ పిల్లలు సొంతంగా రెండు వాక్యాలు రాయగలరా అంటే, ఈ అంకెలు చెప్పవు.

మాస్టారు: రాయడానికేం మేడమ్, మా పిల్లల నోట్సులు చూడండి. ముత్యాల్లాంటి అక్షరాలు.

పరిశోధకురాలు: తిరకాసు అక్కడే ఉంది సార్. ఆ అక్షరాలు పిల్లలవే, మాటలు మాత్రం బోర్డువి. శైలజా మీనన్ బృందం 2011 నుంచి 2016 దాకా లిరిల్ అని, మన భాషల్లో పిల్లలు చదవడం, రాయడం ఎలా నేర్చుకుంటారన్న దాని మీద ఒక అధ్యయనం చేసింది. కర్ణాటకలో యాదగిరి, మహారాష్ట్రలో వాడ ప్రాంతం. ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా పిల్లల వెంట ఉండి చూశారు. తరగతిలో రాత అంటే చాలావరకు చూసి ఎక్కించడమే. తమకు తోచింది రాసే అవకాశం బాగా తక్కువ. యాదగిరి ఎక్కడో లేదు, మన నారాయణపేట పక్కనే. కన్నడ లిపి మనదానికి దగ్గరి చుట్టం కూడా.

తల్లి: గుణింతాలే సరిగ్గా రాకపోతే సొంతంగా ఏం రాస్తారండీ? ముందు అవి రానివ్వాలి కదా.

పరిశోధకురాలు: అందరూ అనుకునేది అదే. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన చూస్తే, అక్షరాలు పట్టుబడటం మూడు నాలుగు తరగతుల దాకా సాగుతూనే ఉంటుంది. ఇంగ్లీషు పిల్లలకు 26 అక్షరాలు. మనకు ప్రతి హల్లుకూ గుణింతం, దానికి తోడు ఒత్తులు. అవన్నీ వచ్చాకే రాయాలంటే నాలుగేళ్లు చూచిరాతతోనే సరిపెట్టాలి.

మాస్టారు: సరే, మా రెండో తరగతి పాప రాసింది చెప్తాను. ‘మా మేక పిలలు పెటింది’. దీన్నేం చేయమంటారు? దిద్దకపోతే తల్లిదండ్రులు ఊరుకుంటారా?

తల్లి: నేనైతే ఊరుకోను! (నవ్వు)

పరిశోధకురాలు: ఆ పాపకు ఎంత వచ్చో చూడండి సార్. ‘మేక’లో ఏత్వం, ‘పెటింది’లో ఎత్వం, గుడి, సున్నా అన్నీ సరిగ్గా పడ్డాయి. లేనివి లకారానికీ టకారానికీ ఒత్తులు, అంతే. ముందు ‘ఎన్ని పిల్లలు? ఏ రంగువి?’ అని అడగండి. ఇంకో రెండు వాక్యాలు రాస్తుంది. ఆ తర్వాత ద్విత్వాలు చెప్పండి. పాఠం ఆ పిల్లే చేతికిచ్చింది కదా.

యాంకర్: పెద్ద తరగతుల్లో? వ్యాకరణం గట్టిగా చెప్తే రాత బాగుపడుతుందంటారు.

పరిశోధకురాలు: అమెరికాలో స్టీవ్ గ్రాహం, డోలొరెస్ పెరిన్ 2007లో 4 నుంచి 12 తరగతుల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. వ్యాకరణాన్ని విడిగా బోధిస్తే రచన మెరుగుపడకపోగా కాస్త దెబ్బతింది. ఏం రాయాలో ముందు ఆలోచించుకోవడం, రాశాక తిరగరాసుకోవడం నేర్పినచోట మంచి ఫలితం వచ్చింది. అయితే అదంతా ఇంగ్లీషు లెక్క. మన సంధులకూ సమాసాలకూ దాన్ని యథాతథంగా అంటగట్టలేం.

మాస్టారు: మన తెలుగు పరీక్ష పేపర్లో ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ అని విభాగమే ఉంది. పేరు గొప్ప. గైడులో ఉన్న లేఖే పిల్లలంతా బట్టీపట్టి దించుతారు. కట్ట విప్పితే ముప్పైమందీ ఒకే మిత్రుడికి, ఒకే విహారయాత్ర గురించి రాసి ఉంటారు. మార్కులు పడతాయి, ఏం చేస్తాం!

తల్లి: మా పెద్దవాడూ అంతే. లేఖ చూడకుండా అప్పజెప్తాడు. వాళ్ల మామయ్యకు వాట్సాప్‌లో నాలుగు ముక్కలు తెలుగులో రాయమంటే వాయిస్ మెసేజ్ పెడతాడు.

యాంకర్: ఇదంతా చేయడానికి బళ్లో టైమ్ ఏదీ, మాస్టారూ?

మాస్టారు: టైమ్ ఉందండీ. ప్రశ్నలూ జవాబులూ నోట్సుల్లో ఎక్కించడం సగానికి తగ్గిస్తే బోలెడు టైమ్.

పరిశోధకురాలు: రోజూ అందరివీ దిద్దక్కర్లేదు కూడా. ఐదారుగురివి చదివి మాట్లాడితే వారంలో తరగతంతా అయిపోతుంది.

మాస్టారు: బాగానే ఉంది. నోట్సులు ఖాళీగా ఉన్నాయేమిటని తనిఖీకి వచ్చిన సార్ అడిగితే ఈ ముక్క ఆయనకు మీరే చెప్పాలి, మేడమ్.