రూపాయి వడ్డీ ఎక్కడికెళ్తాది?

హోస్ట్: ఇవాళ మనతో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక పిన్ని ఉన్నారు. చాలా ఏళ్లుగా డ్వాక్రా గ్రూపుల పుస్తకాలు రాస్తున్నారు. ఊళ్లో వాళ్ల అప్పుల సంగతులు కాబట్టి పేరు వద్దన్నారు. పిన్నీ, గ్రూపు అనగానే అందరికీ బ్యాంకు అప్పే గుర్తొస్తుంది కదా?

పిన్ని: తేడా అక్కడే వొచ్చీసింది బావూ. లోను తరవాతది, ముందు పొదుపు. పది పదిహేను మందిమి కూకుని నెలనెలా ఎంతో కొంత వేస్తాం. అవసరమున్నోలికి అందులోంచే ఇస్తాం, రూపాయి వడ్డీకి.

హోస్ట్: తెలియని వాళ్ల కోసం చెబుతున్నా, నూటికి నెలకు రూపాయి. ఏడాదికి 12 శాతం.

పిన్ని: ఆఁ. పదివేలకి నెలకి వంద. బయట ఐదు రూపాయల వడ్డీకి తెస్తే ఐదొందలు. సరే, తక్కువే. గానీ ఆ వంద ఎక్కడికెళ్తాది? మా గ్రూపులోకే. కట్టిన మనిషికీ అందులో వాటా ఉంటాది.

హోస్ట్: 2000లో ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకం ‘వెలుగు’ మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి.

పిన్ని: అప్పుడే ఊళ్లో గ్రూపులన్నిటికీ కలిపి గ్రామ సంఘం, దాని మీద మండల సమాఖ్య వొచ్చినాయి. పంచసూత్రాలని సెప్పీవోరు. మీటింగు, పొదుపు, లోపల అప్పులివ్వడం, టైముకి కట్టడం, పుస్తకం రాయడం. సదువు రానోలు కూడా గడగడా అప్పజెప్పీవోరు! (నవ్వు) సెయ్యడం వేరే సంగతి.

హోస్ట్: వాటిలో ఏది జారిపోయింది?

పిన్ని: మూడోది. బ్యాంకు ఐదు లక్షలిస్తే పదిమందికి తలా యాభై వేలు పంచీస్తారు. ఒకామెకి గేదె కొనాలి, డెబ్బై వేలు కావాల. ఇంకొకామెకి పైసా అక్కర్నేదు, ఆ యాభై వేలు బయట రెండు రూపాయల వడ్డీకి తిప్పుకుంటాది. అప్పివ్వడమేటి బావూ అది, పంపకం! ఎవలికెంత కావాలో తేల్చడానికి సూక్ష్మ రుణ ప్రణాళికని ఒక కాగితం ఉంది. దాన్ని బ్యాంకు కోసం నింపుతారు, మన కోసం కాదు.

హోస్ట్: తగువులు రాకూడదనేమో?

పిన్ని: అదే. ఒకామె ఎగ్గొడితే మిగిలినోలం కట్టాల. ఆ భయం ఉండాల్సిందే. గానీ మీటింగులో నోరిప్పి అడగాలి కదా, పాత అప్పు తీరిందా, మీ ఆయన హైదరాబాదు నుంచి డబ్బులు పంపుతున్నాడా అని. మొహమాటం! ఇంటికెళ్లాక మాత్రం వీధంతా మాటాడుకుంటారు.

హోస్ట్: మైక్రోఫైనాన్స్ కంపెనీలూ గ్రూపులే కట్టాయిగా. చిన్న లెక్క చెప్తా. పదివేలిచ్చి వారానికి 225 చొప్పున 50 వారాలు వసూలు చేస్తే 11,250. పన్నెండున్నర శాతమే అనిపిస్తుంది. కానీ అసలు వారం వారం తగ్గిపోతున్నా వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే వేశారు. నిజంగా పడే వడ్డీ దానికి దాదాపు రెట్టింపు.

పిన్ని: వడ్డీ సరే, వారమేటి బావూ! మాకు జీడిపిక్కల డబ్బు ఎండాకాలంలో వస్తాది. వారం వారం ఎక్కడినుంచి తేవాల? ఒక కంపెనీ కిస్తీకి ఇంకో కంపెనీ అప్పు.

హోస్ట్: ఆ గొడవలు ముదిరే 2010 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది. వారం కిస్తీలు పోయి నెలవారీ అయ్యాయి, వసూళ్లు పంచాయతీ ఆఫీసు దగ్గర చెయ్యాలన్నారు. మరి 2018లో తిత్లీ తుపానుకి మీ గ్రూపు అప్పులేమయ్యాయి?

పిన్ని: కొబ్బరి సెట్లు, జీడి తోటలు అన్నీ పడిపోనాయి. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడతాది. మా సొంత నిధి అప్పులకి గడువు మీటింగులోనే పెంచీసుకున్నాం, ఎవల్నీ అడగక్కర్నేదు.

హోస్ట్: బ్యాంకు కిస్తీ?

పిన్ని: అది మన మాట వినదు కదా. కొన్ని నెలలు సొంత నిధిలోంచి తీసి కట్టినాం. ఉన్నదంతా ముందే పంచీసుకున్న గ్రూపులోలు సెవుల్లో కమ్మలు తాకట్టెట్టినారు.