రాగికీ నీటికీ నడుమ: ఇంట్లో చేసుకునే వాటర్ బ్లాక్

అందరికీ నమస్కారం.

ప్రాసెసర్‌కి సొంతంగా వాటర్ బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చుని, దాని వేడిని లోపల పారే నీళ్లకు అందించే రాగి దిమ్మ) చేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది పంపు గురించే. ఎంత పెద్దది కావాలి, నీళ్లు ఎంత వేగంగా తిరగాలి అని. చిన్న లెక్క వేసి చూద్దాం. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4,186 జౌళ్లు కావాలి. ప్రాసెసర్ 200 వాట్ల వేడి వదులుతోంది, నిమిషానికి 4 లీటర్ల నీళ్లు పారుతున్నాయి అనుకోండి. బ్లాక్‌లోకి వెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ తేడా ముప్పావు డిగ్రీ కూడా ఉండదు. నిమిషానికి ఒక్క లీటరే పారినా 3 డిగ్రీల లోపే. వేడిని మోసుకుపోవడం నీటికి పెద్ద పని కాదన్నమాట.

మరి చిక్కెక్కడ? రాగిలోంచి నీళ్లలోకి వేడి దిగే చోట. ఏట్లో నీళ్లు గట్టు దగ్గర మెల్లగా, నడుమ వడిగా పారతాయి చూడండి, బ్లాక్‌లోనూ అంతే. గోడను ఆనుకున్న పలచని పొర దాదాపు కదలదు. రాగి వేడిని నీటికంటే 600 రెట్లకు పైగా బాగా పంపుతుంది కాబట్టి, అంత దూరం హాయిగా వచ్చిన వేడి ఈ పొర దగ్గర ఆగిపోతుంది. బ్లాక్ డిజైన్ అంటే నా దృష్టిలో ఈ పొరతో పోరాటమే.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, తడిసే వైశాల్యం పెంచడం. 30 మిల్లీమీటర్ల చదరం నున్నగా వదిలేస్తే 9 చదరపు సెంటీమీటర్లే. అందులోనే 1 మిల్లీమీటరు వెడల్పు, 4 మిల్లీమీటర్ల లోతుతో 15 గాడులు కోయండి. గాడి గోడలే 36 చదరపు సెంటీమీటర్లవుతాయి, అడుగు భాగం కలిపితే 40 దాటుతుంది. రెండోది, గాడిని సన్నం చేయడం. గాడి ఎంత సన్నమైతే ఆ పొర అంత పలచనవుతుంది. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ అనే పరిశోధకులు సిలికాన్‌లోనే వెంట్రుక మందం గాడులు చెక్కి, చదరపు సెంటీమీటరుకు 790 వాట్లు లాగి చూపించారు. ఇంట్లో మనకు అంత సన్నం కుదరదు. పైగా మరీ సన్నమైతే చెత్త అడ్డుపడుతుంది, పంపు మీద భారం పెరుగుతుంది. చిన్న మిల్లింగ్ మెషిన్, సన్నని రంపపు బిళ్ల ఉంటే అర మిల్లీమీటరు దాకా ప్రయత్నించవచ్చు. అది చాలా మంచి బ్లాక్.

నీళ్లు ఒక పక్కనుంచి వచ్చి రెండో పక్కకు పోయేలా పెట్టకండి. చల్లటి నీళ్లు సరిగ్గా చిప్ ఉన్న చోట, నడిమధ్యన, పైనుంచి పడాలి. అక్కణ్ణుంచి రెండు వైపులకీ విడిపోవాలి. నీళ్లు నేరుగా తగిలిన చోట ఆ పొర నిలవలేదు. అడుగు పలక 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. మందం పెరిగితే వేడికి దూరం పెరుగుతుంది, మరీ పలచనైతే బిగించినప్పుడు వంగుతుంది. చిప్‌కి ఆనే ముఖాన్ని అద్దం పలక మీద ఎమరీ పేపర్ పరిచి, 400 నంబరు గరుకు నుంచి 1000 నంబరు నునుపు దాకా వరసగా రుద్దండి. తళతళ మెరవకపోయినా ఏం కాదు, చదునుగా ఉండటం ముఖ్యం.

మూతకి యాక్రిలిక్ వాడితే లోపల నీటి నడక కనిపిస్తుంది. కానీ దాన్ని ఆల్కహాల్‌తో తుడవకండి, సన్నని పగుళ్లొస్తాయి. నీళ్లు కారకుండా పెట్టే 2 మిల్లీమీటర్ల మందం రబ్బరు ఓ-రింగ్‌కి గాడి లోతు 1.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంచి, మరలన్నీ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి: రాగి బ్లాక్‌కి అల్యూమినియం రేడియేటర్ (నీటి వేడిని గాలిలోకి వదిలే భాగం) తగిలించవద్దు. ఒకే నీళ్లలో రెండూ ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది.

కంప్యూటర్‌కి బిగించే ముందు బ్లాక్, పంపు మాత్రమే కలిపి, కింద పొడి కాగితం పరిచి ఒక రోజంతా నడపండి. తడి మరక కనిపిస్తే మళ్లీ విప్పాల్సిందే. ఆ తర్వాత కొలతలు. ప్రాసెసర్ ఉష్ణోగ్రతలోంచి నీటి ఉష్ణోగ్రత తీసేసి, వాట్లతో భాగించండి. ఆ అంకె ఎంత తక్కువైతే బ్లాక్ అంత బాగున్నట్టు. చిప్‌కీ బ్లాక్‌కీ నడుమ పూసే థర్మల్ పేస్టూ, బిగింపూ మార్చకుండా గాడులు మాత్రమే మార్చి కొలిస్తే, ఏ మార్పు ఎంత పని చేసిందో మీకే తెలుస్తుంది.

బల్ల మీద మూతలు తీసిన బ్లాకులు ఉన్నాయి. దగ్గరికొచ్చి చేత్తో పట్టుకుని చూడండి, ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.