తూము మూసి గండి కొట్టే వైరస్

శ్రోతలకు నమస్కారం. నా చిన్నప్పుడు మా ఇంట్లో గేదెకు గాలికుంటు వచ్చింది. నోట్లో పొక్కులు, తీగలుగా కారే చొంగ, గిట్టల మధ్య పుండ్లు. గడ్డి ముందు నిలబడేది, నోరు పెట్టలేకపోయేది. ఆ చూపు నేను మరిచిపోలేదు. గేదె తేరుకుంది. పాలు తాగే దూడ మాత్రం ఒక్క రాత్రిలో పోయింది. దూడల్లో ఈ వైరస్ గుండె కండరాన్నే పట్టుకుంటుందని చాలా ఏళ్ళకు చదువుకున్నాను.

గాలికుంటు తెచ్చేది ఒక ఆర్‌ఎన్‌ఏ వైరస్, అంటే దాని జన్యు రాత ఆర్‌ఎన్‌ఏ అనే పోగు మీద ఉంటుంది. ప్రోటీన్లు తయారుచేసే సరంజామా దానికి సొంతంగా లేదు. గేదె కణంలోని రైబోజోములే దిక్కు. మరి గేదె పని ఆపించి, తన పని ఎలా చేయించుకుంటుంది?

డెల్టా వాళ్ళం, కాలువ లెక్కన చెప్పుకుందాం. ధవళేశ్వరం నుంచి నీరు నిండుగా వచ్చినా, తూము తలుపు ఎత్తితేనే మన బోదెలోకి దిగుతుంది. రైబోజోములు ఆ నీరు అనుకోండి. ఏ ప్రోటీన్ చేయాలో రైబోజోముకు చెప్పే చీటీ సందేశ ఆర్‌ఎన్‌ఏ. గేదె సొంత సందేశ ఆర్‌ఎన్‌ఏకు మొదట్లో టోపీ లాంటి ఒక రసాయన గుర్తు ఉంటుంది. ఆ టోపీని రైబోజోముతో కలిపేది ఇఐఎఫ్‌4జి అనే ప్రోటీన్. అదే మన తూము. వైరస్ వచ్చీరాగానే 'లీడర్' అనే తన కత్తెరతో ఆ ప్రోటీన్‌ను రెండు ముక్కలు చేస్తుంది. తలుపు పడిపోయింది. గేదె చేలకు నీళ్ళు లేవు. వైరస్ ఆర్‌ఎన్‌ఏకు టోపీతో పనిలేదు. మడతలు పడిన తన భాగంతో, ఆ రెండు ముక్కల్లో రైబోజోముతో కలిసే ముక్కను పట్టుకుని, రైబోజోమును నేరుగా తన పోగు మధ్యలోకే దించుకుంటుంది. తూము మూసి, గట్టుకు గండి కొట్టి, నీళ్ళన్నీ తన చేలోకి!

నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. వైరస్ వచ్చిందని పక్క కణాలకు కేక వేసే ఇంటర్‌ఫెరాన్ కూడా ప్రోటీనే. దాని సందేశానికీ టోపీయే ఆధారం. తూము పడ్డాక ఆ కేక గొంతులోనే ఆగిపోతుంది. లీడర్ తీసేసిన వైరస్‌ను శాస్త్రవేత్తలు పశువులకు ఎక్కించి చూస్తే, అది బాగా బలహీనపడింది.

అందుకే కణంలోకి దిగకముందే దాన్ని పట్టుకోవాలి. రక్తంలో యాంటీబాడీలు ముందే ఉండాలి. టీకా చేసే పని అదే. దాని బలం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, అందుకే ఆరు నెలలకోసారి. పాలు తగ్గుతాయని టీకా రోజున గేదెను చేలో దాచినవాళ్ళను చూశాను. తగ్గినా కొద్దిరోజులే. నిండు చూడితో ఉంటే మాత్రం పశువుల డాక్టరుతో చెప్పి, ఎప్పుడు వేయించాలో అడగండి. పోయినసారి వేయించిన నెలను పాక గోడమీద బొగ్గుతో రాసిపెట్టుకోండి.