80 నొక్కితే కూడిక ఎలా జరుగుతుంది?

అందరికీ నమస్కారం.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ల్యాబ్‌లో 8085 అనే మైక్రోప్రాసెసర్ చిప్ ఉన్న కిట్ ముందు కూర్చుని 3ఈ, 05, 06, 03, 80 అని కొట్టాను. రిజిస్టర్ అంటే చిప్ లోపల ఒక సంఖ్యను దాచుకునే చిన్న గది. మొదటి జత ఎ రిజిస్టర్‌లో 5 వేస్తుంది, రెండో జత బి రిజిస్టర్‌లో 3 వేస్తుంది, 80 ఆ రెంటినీ కూడుతుంది. జవాబు 8 వచ్చింది. వచ్చింది సరే, 80 అంటే కూడమని ఆ చిప్‌కి ఎలా తెలిసింది? లోపల కూర్చుని చదివేవాళ్లెవరూ లేరే! ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

ఇది మామూలు ఎనభై కాదు, హెక్స్ (పదహారు గుర్తుల) లెక్కలో రాసిన సంఖ్య, అందులో ఒక్కో గుర్తుకి నాలుగు బిట్లు, అంటే నాలుగు 0లు లేదా 1లు. 80ని అలా బిట్లుగా రాయండి: 10 000 000. ఎనిమిది బిట్లు, ఎనిమిది తీగలు. 1 ఉన్న తీగ మీద దాదాపు 5 వోల్టులు ఉంటాయి, 0 ఉన్నదాని మీద దాదాపు ఏమీ ఉండదు. మొదటి 10 పనిని లెక్కల విభాగానికి పంపుతుంది. మధ్యలో 000 అంటే కూడిక. చివరి 000 అంటే బి రిజిస్టర్. ఇప్పుడు మధ్యలో ఒక్క బిట్ మార్చండి: 10 010 000. ఇది 90, అంటే తీసివేత! చివరి బిట్ మారిస్తే 81, బి బదులు సి రిజిస్టర్ వస్తుంది.

అంటే 80 అనేది ఎనిమిది మీటల అమరిక. కాలువ మీద ఏ తూము తలుపు ఎత్తితే ఆ చేలోకి నీళ్లు పోతాయి, నీళ్లకు దారి చెప్పక్కర్లేదు. ఇక్కడ తలుపులు ట్రాన్సిస్టర్లు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్చులు. 8085లో సుమారు 6,500 ఉన్నాయి. ఒకదాని నుంచి వచ్చిన వోల్టేజే ఇంకోదాన్ని తెరుస్తుంది, మూస్తుంది. స్విచ్చులను తగినట్టు కలిపితే తర్కమూ కూడికా చేయించవచ్చని క్లాడ్ షానన్ 1937లోనే తన ఎం.ఎస్. థీసిస్‌లో చూపించారు. అప్పటికి ట్రాన్సిస్టరే పుట్టలేదు, ఆయన రాసింది రిలేల గురించి, అంటే విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్చుల గురించి!

నేను కీప్యాడ్ మీద 80 నొక్కగానే అది మెమరీలో వోల్టేజిగా మారిపోయింది. అక్కడి నుంచి కూడిక దాకా ఉన్నదంతా కరెంటే. మీరు సి అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినా, దాన్ని చిప్ ఆజ్ఞలుగా మార్చే కంపైలర్ చివరికి ఇలాంటి అంకెలనే తయారుచేస్తుంది. క్లాక్ టిక్కుమన్నప్పుడల్లా పని ఒక అడుగు ముందుకు పడుతుంది. ఈ కూడికకు పట్టేది 4 టిక్కులు, సెకనుకి 30 లక్షల టిక్కులు కొట్టే క్లాక్ మీద!

ఆ బల్ల మీద రెండు కిట్లు పెట్టాం. ఫలితాన్ని మెమరీలో దాచే ఆజ్ఞ, ఆగమనే ఆజ్ఞ ముందే ఎక్కించి ఉన్నాయి. వచ్చి 80 బదులు 90 కొట్టండి. 8 ఉన్నచోట 2 కనిపిస్తుంది.