ఫియట్ పద్మిని చక్రాలకు ఫ్యాక్టరీ సిల్వర్ రంగు: మూడు పద్ధతులు వేయించి చూశాను

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద ఉన్నవి ప్రీమియర్ పద్మిని చక్రాలు. ఒకే బండివి, కానీ మూడింటికీ మూడు రకాలుగా రంగు వేయించాను. ఇది షాపులో దొరికే స్ప్రే డబ్బాతో వేసింది. ఇది పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చింది. ఇది పెయింట్ షాపులో రంగు కలిపించి, స్ప్రే గన్‌తో కొట్టించింది. పక్కన నాలుగోది ఉంది చూడండి, దాన్ని ముట్టుకోలేదు. అది స్టెప్నీ. మిగతా మూడింటినీ దానితోనే పోల్చి చూద్దాం.

స్టెప్నీతోనే ఎందుకంటే, అది డిక్కీలో ఉంటుంది. ఎండ తగలదు, బ్రేకుల దుమ్ము పడదు. రోడ్డు మీద తిరిగిన చక్రాలకు ఇన్నేళ్లలో ఎవరో ఒకరు బ్రష్షుతో అయినా రంగు పూసి ఉంటారు. స్టెప్నీ జోలికి ఎవరూ వెళ్లరు. మీ బండిలో స్టెప్నీ మారిపోయి ఉంటే, వీల్ క్యాప్ ఊడదీసి దాని వెనకాల దాగి ఉన్న భాగం చూడండి. సబ్బు నీళ్లతో మెత్తగా తుడవండి. థిన్నర్ మాత్రం వద్దు, పాత పెయింటు కూడా దానితోపాటే వచ్చేస్తుంది.

మా స్టెప్నీ మీద ఏం కనిపిస్తోందో కెమెరా దగ్గరగా పెడతాను. లేత సిల్వర్. అందులోని అల్యూమినియం పొడి చాలా సన్నం, విడిగా మెరిసే చుక్కలు కనపడవు. పైన క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శక పూత, లేదు. మెరుపు ఉంది కానీ అద్దంలా లేదు, ముఖం కనపడదు. అసలు విషయం ఇదే. ఈ చక్రం ఫ్యాక్టరీలో కొత్తగా ఉన్నప్పుడు కూడా తళతళలాడలేదు. మెరవాల్సింది మధ్యలో ఉన్న వీల్ క్యాప్, చక్రం దానికి వెనకాల నిలబడాలి. ఇప్పుడు చాలామంది రీస్టోరేషన్ పేరుతో చక్రాన్ని క్యాప్ కంటే ఎక్కువగా మెరిపిస్తున్నారు. బండి మొత్తం ఎంత శ్రద్ధగా చేయించినా, కళ్లు ముందు అక్కడికే పోతాయి. నాకు అది నిజంగా బాధ అనిపిస్తుంది.

బండి గురించి రెండు ముక్కలు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలుపెట్టిన కారు ఇది. పద్మిని అనే పేరు 1974లో వచ్చింది. అంటే మొదటి పద్మినిలకు 50 ఏళ్లు నిండిపోయాయి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల్లో కూడా 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలనే అడుగుతారు. అందుకే ఇప్పుడు ఈ చిన్న చిన్న విషయాలకు విలువ పెరిగింది.

సరే, స్ప్రే డబ్బా. ఖర్చు తక్కువ, ఇంట్లోనే అయిపోతుంది. కానీ ఎండలో పెట్టి చూడండి. కాజూ బర్ఫీ మీద వెండి రేకులా ఉంది. పొడి ముతకగా ఉంది, రంగు తెల్లగా పోయింది. పైగా పెట్రోల్ గుడ్డతో ఒక్కసారి రుద్దితే ఇదిగో, గుడ్డకు అంటుకుంటోంది. షెడ్డులో నిలబెట్టే బండికైతే సరే, తిరిగే బండికి వద్దు.

పౌడర్ కోటింగ్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే అందరూ చెప్పే సలహా ఇదే. గట్టిదనంలో దీన్ని కొట్టేది లేదు, ఒప్పుకుంటాను. రాయి తగిలినా తేలిగ్గా ఊడదు. కానీ మూడు సమస్యలున్నాయి. పౌడర్‌ను ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. గుంటలు పూడ్చడానికి మామూలు పుట్టీ పెట్టి ఉంటే ఆ వేడికి అది నిలవదు. రెండోది, పూత మందం. ఒక్క కోటే 60 నుంచి 80 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది. బయటి రింగు, మధ్య డిస్కు కలిసే అతుకు చూడండి. స్టెప్నీ మీద ఆ గీత స్పష్టంగా ఉంది, పౌడర్ చక్రం మీద నిండిపోయి గుండ్రంగా తయారైంది. ప్రెస్సులో నొక్కిన ఇనుప చక్రం అందమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది.

మూడోది అందం సంగతి కాదు, ప్రాణం సంగతి. బోల్టు కూర్చునే ఏటవాలు గుంటల్లో, చక్రం బ్రేకు డ్రమ్ముకు ఆనుకునే ముఖం మీద మందంగా పూత ఉండకూడదు. బోల్టు బిగించాక ఆ పూత నలిగిపోతుంది, బిగువు తగ్గుతుంది. ఏ పద్ధతి అయినా సరే, అక్కడ రంగు పడకుండా మాస్కింగ్ చేయమని (టేపుతో మూయమని) ముందే చెప్పండి. అడగకపోతే చేయరు.

ఇక గన్‌తో కొట్టించింది. ముందు శాండ్ బ్లాస్టింగ్‌తో, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి, తుప్పు మొత్తం తీయించాం. టైరు కూర్చునే లోపలి వైపు కూడా, ఎందుకంటే ఇవి ట్యూబ్ టైర్లు, అక్కడ తుప్పు పెచ్చులుంటే ట్యూబును కోసేస్తాయి. బ్లాస్టింగ్ అయిన ఇనుము చెమ్మ తగిలితే గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది, కాబట్టి అదే రోజు ఎపాక్సీ ప్రైమర్, అంటే తుప్పును ఆపే అడుగు పూత, కొట్టించాం. తర్వాత సన్న పొడి సిల్వర్, దాని మీద క్లియర్.

ఫ్యాక్టరీ చక్రానికి క్లియర్ లేదన్నావు కదా అంటారు. నిజమే, ఫ్యాక్టరీది క్లియర్ లేని రంగు. కానీ ఇప్పుడు షాపుల్లో కలిపే సిల్వర్ బేస్ కోటు క్లియర్ లేకుండా వదిలేస్తే నిలవదు. అందుకని మెరిసే గ్లాసీ క్లియర్‌లో మెరుపు లేని మ్యాట్ క్లియర్ కలిపించి మెరుపు సగానికి దింపాం. ఏది ఎంత అన్నది అట్ట ముక్కల మీద కొట్టి చూసి, స్టెప్నీ పక్కన పెట్టి తేల్చుకోవాలి. షాపులో రంగు కలిపే మిషన్ ఇచ్చిన రంగు కోడ్ మొదటి మెట్టు మాత్రమే. ఒకే డబ్బాలోని సిల్వర్‌ను తడిగా కొడితే ముదురుగా వస్తుంది, పొడిగా కొడితే లేతగా వస్తుంది. అల్యూమినియం రేణువులు ఏ కోణంలో పడుకున్నాయి అన్నదాని మీదే ఆ తేడా అంతా. కాబట్టి అట్ట ముక్క కొట్టిన మనిషే, అదే గన్‌తో, అదే గాలి ప్రెషర్‌తో చక్రాలన్నీ ఒకే విడతలో కొట్టాలి. షాపులో ట్యూబ్‌లైటు కింద సరే అనేయకండి. ఎండలోకి తెచ్చి ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూడండి.

పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటే కావాలనేవాళ్లూ ఉన్నారు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, మెరుపు దగ్గరగానే వస్తుంది. కాకపోతే పెట్రోల్‌కు తట్టుకోదు. వర్షాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, గాలిలో తేమకు కొడుతుండగానే తెల్లబారుతుంది. ఎగ్జిబిషన్‌కు తప్ప బయటకు తీయని బండికి చేయించుకోండి.

హార్డ్‌నర్ (గట్టిపడేలా చేసే రసాయనం) కలిపే పెయింట్ మీరే కొట్టాలనుకుంటే మాత్రం, ముఖానికి కర్చీఫ్ కట్టుకుని కొట్టకండి. అందులోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. దానికి సరిపడే ఫిల్టరున్న మాస్కు, గాలి బాగా ఆడే చోటు ఉండాల్సిందే. మీ పెయింటర్‌కు మాస్కు లేకపోతే మీరే ఒకటి కొనివ్వండి.

నా ఓటు ఈ మూడో చక్రానికే. నాలుగడుగుల దూరం నుంచి ఇది, స్టెప్నీ ఒకేలా ఉన్నాయి. దగ్గరకొస్తే క్లియర్ లోతు కొంచెం తెలుస్తుంది, దాన్ని నేను ఒప్పుకుంటాను. రోజూ గతుకుల రోడ్ల మీద తిప్పే బండైతే పౌడర్ వేయించుకోండి, తప్పు లేదు. కానీ సన్నటి పొడి ఉన్న సెమీ గ్లాసీ (సగం మెరుపు) సిల్వర్ అడగండి, క్రోమ్ లుక్ అంటే ఒప్పుకోకండి.

రంగు వేసిన వెంటనే టైర్లు ఎక్కించొద్దు, కనీసం వారం ఆరనివ్వండి. బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, బోల్టులన్నీ మళ్లీ ఒకసారి స్పానర్ పెట్టి చూసుకోండి. మీ స్టెప్నీ మీద ఏ రంగు బయటపడిందో ఎండలో తీసిన ఫోటో పంపండి. అంబాసిడర్ వాళ్లు కూడా పంపండి, తర్వాతి వీడియో ఆ చక్రాల మీదే చేద్దాం.